పనిలో ప్రమాదం, పరిహారం గడువు: గోదావరి డెల్టా కార్మికులకు సమగ్ర మార్గదర్శి

రైస్ మిల్లు ఎలివేటర్ బెల్టులో చెయ్యి పడినా, రొయ్యల చెరువు దగ్గర ఏరియేటర్ తీగ తగిలి మనిషి పోయినా, కొబ్బరి చెట్టు మీంచి దింపు కార్మికుడు జారిపడినా మొదటి వారంలో వినిపించే మాట ఒక్కటే: "మేం చూసుకుంటాం, కేసులెందుకు?" ఆసుపత్రిలో కొంత కడతారు. దాళ్వా కోతలయ్యాక కూర్చుందామంటారు, తర్వాత సార్వా ఊడ్పులయ్యాక అంటారు. ఇలా నాలుగు పంటలు గడిచేసరికి చట్టం ఇచ్చిన రెండేళ్లు అయిపోతాయి. ఆ రెండేళ్లలో ఏ రోజు ఏం చేయాలో, ఏది చేయకపోతే ఏం పోతుందో కింద వరసగా ఉంది.

ముందు చట్టం సంగతి

పాతది 1923 నాటి వర్క్‌మెన్ పరిహార చట్టం. 2010 జనవరి నుంచి దాని పేరు ఉద్యోగుల పరిహార చట్టంగా మారింది. 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చి దాని స్థానం తీసుకుంది. ప్రమాదం జరిగిన రోజే యజమాని బాధ్యత పుడుతుందని సుప్రీంకోర్టు నలుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఎప్పుడో తేల్చింది. కాబట్టి 2025 నవంబరు 21కి ముందు జరిగిన ప్రమాదానికి పాత చట్టం లెక్కే చూసుకోవాలి. గడువు మాత్రం రెండింట్లోనూ ఒకటే. పాత చట్టంలో 10వ సెక్షన్, కోడ్‌లో 82వ సెక్షన్ రెండేళ్లే అంటాయి. కింద చెప్పిన సెక్షన్లు, ఫారాలు, లెక్కలు పాత చట్టానివి. కమిషనర్ అంటే పరిహారం కేసులు తేల్చే కార్మికశాఖ అధికారి; ఆ మాట రాసినచోట, కోడ్ కింద అయితే ఆ పని చూసే అధికారి అని చదువుకోండి.

రోజు కూలీకి ఇది వర్తించదని చాలామంది అనుకుంటారు. అది 2000కి ముందు మాట. ఆ ఏడాది సవరణతో "అడపాదడపా పనివాడు" అనే మినహాయింపు తీసేశారు. చేరిన మొదటి రోజే ప్రమాదం జరిగినా హక్కు ఉంది. ట్రాక్టర్, కోత మిషన్ లాంటి యంత్రాలతో చేసే సేద్యం, ఉద్యాన పంటల పని, తాటిచెట్ల గీత, చేపల వేట, బాణసంచా మందు పని కూడా చట్టం వర్తించే పనుల జాబితాలో (షెడ్యూల్లో) ఉన్నాయి. అపాయింట్‌మెంట్ లెటర్ లేకపోవడం రుజువుకి ఇబ్బందే గాని హక్కుకి అడ్డం కాదు.

మొదటి మెట్టు: మీ కేసు ఏ దారిలోదో తేల్చుకోండి

ఇక్కడ పొరపాటు పడితే మిగతాదంతా వృథా. ముందు అడగాల్సింది: జీతంలో ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) కోత పడుతోందా? జీతం నెలకి 21,000 రూపాయల లోపు ఉండి, ఆ సంస్థ ఈఎస్ఐ కిందికి వస్తే పరిహార చట్టం కింద అడగడానికి వీల్లేదు. ఈఎస్ఐ కార్పొరేషన్ నుంచే వైకల్య భృతి, ఆధారితుల భృతి తీసుకోవాలి. అక్కడ వివాదం వస్తే ఈఎస్ఐ కోర్టుకి వెళ్లడానికి మూడేళ్ల గడువుంది. రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో, పెద్ద మిల్లుల్లో ముందు పే స్లిప్ చూడండి.

రెండోది, ప్రమాదం రోడ్డు మీద వాహనంతో జరిగిందా? లారీ డ్రైవరు, క్లీనరు, ధాన్యం ట్రాక్టరు మీంచి పడిన కళాసీ లాంటివారికి రెండు దారులుంటాయి: మోటారు వాహన ప్రమాదాల ట్రిబ్యునల్, లేదా పరిహార కమిషనర్. రెండింటిలో ఒక్కటే ఎంచుకోవాలి. మోటారు వాహన చట్టంలో 2022 ఏప్రిల్ 1 నుంచి ఆరు నెలల గడువు వచ్చింది. పరిహార చట్టంలో రెండేళ్లు. "రెండేళ్లుంది కదా" అని కూర్చుని ఏడో నెలలో ట్రిబ్యునల్‌కి వెళ్దామనుకుంటే గడువు అడ్డం రావచ్చు. వేరే వాహనం వాళ్ల తప్పు స్పష్టంగా ఉన్నప్పుడు ట్రిబ్యునల్‌లో ఎక్కువ మొత్తం వచ్చే అవకాశం ఉంటుంది గనక ఈ నిర్ణయం మొదటి మూడు నెలల్లోనే తీసుకోండి. సొంత తప్పు వల్లే వాహనం బోల్తా పడిన డ్రైవరుకి సాధారణంగా పరిహార చట్టమే దిక్కు.

రెండో మెట్టు: నోటీసు, వీలైతే మొదటి వారంలోనే

ప్రమాదం జరిగాక "వీలైనంత త్వరగా" యజమానికి నోటీసు ఇవ్వాలని చట్టం అంటుంది. రోజుల లెక్క చెప్పలేదు. అందుకే అందరూ దీన్ని వదిలేస్తారు. నోటీసులో ఉండాల్సినవి మూడే: దెబ్బ తగిలిన మనిషి పేరూ చిరునామా, దెబ్బకి కారణం, ప్రమాదం తేదీ. తెల్ల కాగితం చాలు, వకీలు అక్కర్లేదు. ఇలా రాయండి:

"అయ్యా, మీ రైస్ మిల్లులో పనిచేస్తున్న ఫలానా ఊరి ఫలానా వ్యక్తినైన నేను (లేదా మా కుటుంబ సభ్యుడు), ఫలానా తేదీ ఉదయం సుమారు ఇన్ని గంటలకు ఎలివేటర్ దగ్గర బెల్టు సరిచేస్తుండగా కుడిచేయి బెల్టులో పడి మణికట్టు వరకు నలిగింది. ఫలానా ఆసుపత్రిలో చేర్చారు. ఉద్యోగుల పరిహార చట్టం 10వ సెక్షన్ కింద ఈ నోటీసు ఇస్తున్నాను. చట్టప్రకారం పరిహారం, వైద్య ఖర్చులు చెల్లించగలరు." (కోడ్ కిందికి వచ్చే ప్రమాదమైతే ఆ పేరు, 82వ సెక్షన్ రాయాలి.)

కింద తేదీ, సంతకం లేదా వేలిముద్ర. వేలిముద్రైతే పక్కన ఇద్దరు సాక్షుల సంతకాలు.

యజమానినే పట్టుకోనక్కర్లేదు. మిల్లు మేనేజరుకో, ఆ విభాగం చూసే వ్యక్తికో ఇచ్చినా సరిపోతుంది. చేతికిస్తే రెండో ప్రతి మీద అందినట్టు సంతకం తీసుకోండి. ఇవ్వకపోతే పోస్టు. రిజిస్టర్డ్ పోస్టు ఇప్పుడు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. కౌంటర్ దగ్గర "రిజిస్ట్రేషన్, అందినట్టు కార్డు కావాలి" అని అడగాలి. రసీదు ఫొటో తీసి పెట్టుకోండి, సిరా కొన్ని నెలల్లో చెరిగిపోతుంది.

నోటీసు అందిన మూడు రోజుల లోపు యజమాని ఉచితంగా వైద్య పరీక్ష చేయిస్తానంటే తప్పక వెళ్లాలి. కాదంటే, లేదా ఆ మూడు రోజుల్లోనే పరీక్ష చేయించుకోకుండా ఊరు విడిచి పోతే, పరీక్ష జరిగేదాకా పరిహారం హక్కు నిలిచిపోతుంది. బాణసంచా మందు పనికి, ఇటుక బట్టీలకు వలస వచ్చినవాళ్లు దెబ్బ తగలగానే సొంతూరు వెళ్లిపోతుంటారు. నోటీసు ఇచ్చి మూడు రోజులు ఆగి వెళ్లడం మంచిది.

నోటీసు ఇవ్వలేదని ఇప్పటికే బెంగపడుతున్నవారికి: మనిషి యజమాని ఆవరణలోనే ప్రమాదానికి గురై అక్కడే చనిపోతే నోటీసు లేకపోవడం అడ్డం కాదు. ప్రమాదం సంగతి ఆ సమయంలోనే యజమానికి మరో విధంగా తెలిసినా అడ్డం కాదు. మిల్లు కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్లారంటే తెలిసినట్టే కదా! ఆసుపత్రి అడ్మిషన్ పుస్తకంలో "తీసుకువచ్చినవారు" గడిలో ఎవరి పేరుందో చూడండి.

మూడో మెట్టు: రెండేళ్లు ఎప్పటి నుంచి?

గాయమైతే ప్రమాదం జరిగిన తేదీ నుంచి. మరణమైతే మరణించిన తేదీ నుంచి. బాయిలర్ దగ్గర కాలి నాలుగు నెలలు ఆసుపత్రిలో ఉండి పోతే, కుటుంబం లెక్క పోయిన రోజు నుంచి మొదలవుతుంది. అయితే ఆ గాయమే మరణానికి కారణమని చూపాలి. అందుకే ఆసుపత్రిలో పోయినా పోస్టుమార్టం వద్దనకండి. దూరపు ఆసుపత్రిలో పోయినప్పుడు "ఇంటికి తీసుకెళ్లిపోదాం" అని తొందరపడితే కేసు అక్కడే బలహీనపడుతుంది.

వృత్తి వ్యాధులకి లెక్క వేరు. ఆ జబ్బు వల్ల వరసగా పనికి పోలేకపోయిన రోజుల్లో మొదటి రోజును ప్రమాదం తేదీగా తీసుకుంటారు. పనికి పోతూనే కొంత వైకల్యం వచ్చినప్పుడు, మిల్లు మోతకి చెవుడు వచ్చినట్టు, వైకల్యం గురించి నోటీసు ఇచ్చిన తేదీ నుంచి రెండేళ్లు. చట్టం చెప్పినంత కాలం పనిచేసి మానేశాక రెండేళ్ల లోపు లక్షణాలు కనబడితే, అవి మొదట బయటపడిన రోజు నుంచి. పురుగుమందుల్లోని ఆర్గానోఫాస్ఫరస్ విషం సోకడం కూడా వృత్తి వ్యాధుల జాబితాలో ఉంది. పిచికారీ పని చేసేవాళ్లు డాక్టరు చీటీలో ఆ మాట రాయించుకోవాలి. "కళ్లు తిరిగి పడిపోయాడు" అని రాస్తే ఎందుకూ పనికిరాదు.

లెక్క ఇలా: ప్రమాదం 2024 జూన్ 14న జరిగిందనుకోండి. ఆ రోజు వదిలేసి లెక్కపెడితే 2026 జూన్ 14తో రెండేళ్లు. అది ఆదివారం, ఆఫీసుకి సెలవు. మరుసటి పనిరోజైన 15, సోమవారం వేసినా గడువులోనే ఉన్నట్టు. ఈ సూక్ష్మం వకీళ్లకి ఉంచి, మీ క్యాలెండరులో 18వ నెల దగ్గరే గుర్తు పెట్టుకోండి. పిటిషన్ తప్పులతో వెనక్కొస్తే సరిదిద్దుకునే వ్యవధి ఉండాలి.

పడవతో సహా సముద్రంలో గల్లంతైనవారి కుటుంబాలు ఇంకో తప్పు చేస్తాయి. శవం దొరకలేదు కాబట్టి ఏడేళ్లు ఆగాలని ఎవరో చెబుతారు. ఏడేళ్ల నిబంధన ఏ రుజువూ లేనప్పుడు మరణాన్ని ఊహించడానికి. తుపాను, పోలీసు కేసు, ప్రాణాలతో బయటపడినవారి సాక్ష్యం ఉంటే వాటితోనే రెండేళ్ల లోపు పిటిషన్ వేయాలి. ప్రభుత్వ ఎక్స్‌గ్రేషియా వచ్చిందని ఇది మానుకోకండి, అది వేరు, ఇది వేరు.

పిల్లలు మైనర్లని ఆగడం కూడా వద్దు. తల్లో, సంరక్షకుడో వాళ్ల తరఫున వేయవచ్చు.

నాలుగో మెట్టు: మరణమైతే ముందు ఒక ఉత్తరం

ఇది తక్కువమందికి తెలిసిన దారి. పనిలో ప్రమాదంతో మనిషి చనిపోయాడని కమిషనర్‌కి ఏ మార్గంలో సమాచారం అందినా, 10ఏ సెక్షన్ కింద యజమానికి నోటీసు పంపి, మరణ పరిస్థితులు ఏమిటో, బాధ్యత ఒప్పుకుంటాడో లేదో 30 రోజుల్లో చెప్పమనవచ్చు. ఒప్పుకుంటే ఆ 30 రోజుల్లోనే డబ్బు జమ చేయాలి. కాదంటే కుటుంబానికి పిటిషన్ వేసుకోవచ్చని కమిషనర్ తెలియజేయవచ్చు. ఎఫ్ఐఆర్ నకలు జతచేసిన ఒక్క పేజీ ఉత్తరం చాలు. మొదటి నెలలోనే రాస్తే యజమాని తొలిమాట రికార్డుకెక్కుతుంది, తర్వాత "ఈ మనిషి మా దగ్గర పనే చేయలేదు" అనడం కష్టం.

చట్టప్రకారం ప్రమాద నివేదిక ఇవ్వాల్సిన చోట్ల మరణం, ఎముక విరగడం, చూపు పోవడం, 20 రోజులకు మించి పనికి దూరమవడం లాంటివి జరిగితే యజమాని ఏడు రోజుల్లో కమిషనర్‌కి తెలపాలి. అది పంపాడో లేదో, కరెంటు ప్రమాదమైతే విద్యుత్ తనిఖీ అధికారి నివేదిక ఏం చెబుతోందో సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి.

ఐదో మెట్టు: కాగితాలు

ఎఫ్ఐఆర్, శవ పంచనామా, పోస్టుమార్టం నివేదిక లేదా గాయాల సర్టిఫికెట్, డిశ్చార్జి సమ్మరీ, మందుల బిల్లులు (అయిన వైద్య ఖర్చు విడిగా రాబట్టుకోవచ్చు), ఆధార్, వయసు రుజువు, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్. ఇవి ఎలాగూ పోగవుతాయి. ఎక్కడ కేసులు కుంటుతాయంటే రెండు చోట్ల: జీతం, వైకల్యం.

బస్తాకింత చొప్పున కూలి తీసుకునే కళాసీకి, నెలజీతంతో చెరువు మీద కాపలా ఉండేవాడికి రాతపూర్వకంగా ఏమీ ఉండదు. ఫోన్‌పే చెల్లింపులు, మేస్త్రీ హాజరు పుస్తకం ఫొటో, గుమస్తా వాట్సాప్ సందేశాలు, తోటి కార్మికుల సాక్ష్యం ఇప్పుడే పోగేయండి. తోటివాళ్లు అదే యజమాని దగ్గర పని చేస్తుంటారు గనక, నెలలు గడిచేకొద్దీ నోరు విప్పరు. మొదటి నెలలో ఉన్న ధైర్యం ఏడాదికి ఉండదు.

వైకల్యం విషయంలో సదరం సర్టిఫికెట్ ఒక్కటే చాలనుకోవడం పొరపాటు. అందులో ఉండేది శారీరక వైకల్య శాతం. చట్టం అడిగేది సంపాదన శక్తి ఎంత పోయిందని. చెయ్యి తెగడం, కన్ను పోవడం లాంటివాటికి చట్టంలోని గాయాల షెడ్యూల్లో శాతాలు రాసే ఉన్నాయి: బొటనవేలు పోతే 30, నాలుగు వేళ్లు పోతే 50, అరచేయి మొత్తం పోతే 60. షెడ్యూల్లో లేని దెబ్బకి, నడుము విరిగినట్టు, అర్హుడైన డాక్టరు సంపాదన శక్తి నష్టాన్ని అంచనా వేయాలి, అవసరమైతే వచ్చి సాక్ష్యం చెప్పాలి. ఎడమచేయి మోచేతి పైన తెగిన వడ్రంగికి సుప్రీంకోర్టు నూరు శాతం నష్టం లెక్కగట్టింది. దింపు కార్మికుడి కాలు, కళాసీ నడుము గురించి వాదించేటప్పుడు ఇదే తర్కం: ఆ పని మళ్లీ చేయగలడా?

ఆరో మెట్టు: పిటిషన్ ఎక్కడ, ఎలా

ఆంధ్రప్రదేశ్‌లో కార్మికశాఖ డిప్యూటీ కమిషనర్లు, అసిస్టెంట్ కమిషనర్లు ఈ బాధ్యత చూస్తారు. 2022లో జిల్లాలు విడిపోయాక ఏ మండలం ఎవరి పరిధిలో ఉందో దగ్గర్లోని కార్మికశాఖ కార్యాలయంలో అడిగి తేల్చుకోండి. ప్రమాదం జరిగిన చోటే వేయాలని లేదు. కార్మికుడు లేదా ఆధారితులు నివసించే చోట వేయవచ్చు, యజమాని రిజిస్టర్డ్ కార్యాలయం ఉన్న చోటా వేయవచ్చు. భీమవరం చెరువులో పోయిన శ్రీకాకుళం కార్మికుడి భార్య శ్రీకాకుళంలోనే వేసుకోవచ్చు.

గాయమైన కార్మికుడికి ఫారం ఎఫ్, మరణంలో ఆధారితులకి ఫారం జి. రెండు ప్రతులు, వాటితో పాటు ప్రతివాదులు ఎందరుంటే అన్ని నకళ్లు అదనంగా తీసుకెళ్లండి. ప్రమాదం ఎలా జరిగిందో క్లుప్తంగా, ఎంత అడుగుతున్నారో, నోటీసు ఎప్పుడు ఇచ్చారో రాయాలి. ఇవ్వకపోతే ఎందుకివ్వలేదో కూడా. చివర "ఇందులో రాసినవి నాకు తెలిసినంతవరకు నిజం" అనే ధ్రువీకరణ మీద సంతకం మరిచిపోవద్దు. దాఖలు చేసిన రోజు ముద్ర, నంబరు తీసుకున్నాకే గడువు మాట మరిచిపోవచ్చు. బల్ల మీద పెట్టి వచ్చిన కాగితం దాఖలైనట్టు కాదు.

ప్రతివాదులుగా ఎవరిని పెట్టాలనేది డెల్టాలో ప్రత్యేకమైన చిక్కు. మిల్లు ఒకరిది, లీజు మరొకరిది, కూలీలను తెచ్చింది మేస్త్రీ. చెరువులూ అంతే. అందుబాటులో ఉన్న అందరినీ మొదటి పిటిషన్‌లోనే చేర్చండి: లీజుదారు, యజమాని, కాంట్రాక్టరు, బీమా పాలసీ ఉంటే బీమా కంపెనీ. రెండేళ్లు దాటాక కొత్త పేరు చేర్చబోతే ఆ మనిషి ముందు గడువు అభ్యంతరమే చెబుతాడు. కాంట్రాక్టరు తెచ్చిన కూలీకి పని చేయించుకున్న ప్రధాన యజమాని కూడా బాధ్యుడే, చెల్లించాక కాంట్రాక్టరు నుంచి అతను రాబట్టుకుంటాడు.

రాజీ కాగితం మీద సంతకం పెట్టేశారా?

పెద్దమనుషుల ముందు రెండు లక్షలిచ్చి స్టాంపు కాగితం మీద "ఇక ఏ హక్కూ లేదు" అని రాయించుకోవడం ఇక్కడ మామూలే. హక్కు వదులుకునే అలాంటి ఒప్పందం చట్టం ముందు చెల్లదు. మరణ పరిహారం కమిషనర్ దగ్గరే జమ చేయాలి, నేరుగా కుటుంబానికి ఇచ్చింది చెల్లింపు కిందికి రాదు. మూడు నెలల జీతానికి మించకుండా ఇచ్చిన అడ్వాన్సు మాత్రమే లెక్కలో తగ్గుతుంది. కాబట్టి సంతకం పెట్టాం కదా అని గడువు వదిలేయకండి.

రెండేళ్లు దాటిపోతే

తలుపు పూర్తిగా మూసుకోదు. "తగిన కారణం" ఉందని నమ్మితే కమిషనర్ ఆలస్యాన్ని మన్నించవచ్చు. అసలు పిటిషన్‌తో పాటే ఆలస్యం మన్నింపు కోరుతూ ప్రమాణపత్రం వేయాలి. ఎంత ఆలస్యమో రోజుల్లో చెప్పాలి, ప్రతి ఖాళీకి కారణం, దానికి కాగితం చూపాలి. సుదీర్ఘ చికిత్స, నమ్మకంతో వేరే కోర్టులో నడిపిన కేసు, వాయిదాలుగా డబ్బిస్తూ వచ్చిన యజమాని: ఇవి నిలబడే కారణాలు. "చదువు లేదు, తెలియలేదు" అనేది ఒక్కటే అయితే బలం తక్కువ. యజమాని ఇచ్చిన ఐదువేలూ పదివేలూ బ్యాంకులో పడి ఉంటే ఆ స్టేట్‌మెంటే మీకు ప్రాణం. నోటి మాటకి తేదీ ఉండదు.

ఆలస్యం యజమానికీ ఖరీదే

30 ఏళ్ల మనిషి, నెలకి 15,000 జీతం, మరణం. పాత చట్టంలో 2020 జనవరి 3 నుంచి లెక్కకి తీసుకునే గరిష్ట జీతం కూడా 15,000. అందులో సగం 7,500, దాన్ని చట్టం పట్టికలో ఆ వయసుకి ఇచ్చిన గుణకం 207.98తో గుణిస్తే 15,59,850 రూపాయలు. నెల లోపు చెల్లించకపోతే ఏడాదికి 12 శాతం బారువడ్డీ. రెండేళ్లకి 3,74,364. సరైన కారణం లేకుండా ఎగవేస్తే పరిహారంలో సగం దాకా జరిమానా కూడా వేయవచ్చు. జరిమానా యజమాని జేబులోంచే పోతుంది, బీమా కంపెనీ కట్టదు. రాజీ మాటలప్పుడు ఈ లెక్క రాసి ముందు పెట్టండి. పిటిషన్‌లో వడ్డీ, జరిమానా విడివిడిగా అడగండి.

ఉత్తర్వు వచ్చాక

మూడు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది, వాయిదాల వల్ల ఎక్కువే పడుతుంది. ఉత్తర్వు నచ్చకపోతే 60 రోజుల్లో హైకోర్టుకి అప్పీలు, అదీ చట్టపరమైన ముఖ్య ప్రశ్న ఉంటేనే. జీతం ఎంత, వయసు ఎంత అనే తగువులు అక్కడ మామూలుగా తెరవరు, కాబట్టి ఆ సాక్ష్యాలన్నీ కమిషనర్ ముందే పెట్టేయాలి. యజమాని అప్పీలు చేయాలంటే ముందు మొత్తం జమ చేసిన సర్టిఫికెట్ జతచేయాలి. డబ్బు కట్టకుండా తిరిగేవారి నుంచి భూమి శిస్తు బకాయిలా రాబట్టమని కమిషనర్‌కి అర్జీ పెట్టండి. దాంతోపాటు యజమాని ఆస్తుల సర్వే నంబర్లు, మిల్లు లైసెన్సు వివరాలు ఇస్తే రెవెన్యూ వాళ్ల పని త్వరగా కదులుతుంది.